మోకాలికి మంచం మందు కాదు

అనంతపురం: వేరుశనగ చేలలో కలుపు తీసే ఆడకూలీల మోకాళ్లు వయసు మళ్లకముందే పట్టేస్తున్నాయి. మంచం దిగవద్దంటారు ఇంట్లోవారు. కూలి పోతుంది గాని నొప్పి పోదు.

డెన్మార్క్‌లో వ్యాయామ చికిత్సపై పరిశోధించే ఎవా రూస్, సహచరుడు సోరెన్ స్కౌతో కలసి 2013లో ‘గ్లాడ్’ అనే పద్ధతిని ప్రారంభించారు. అరిగిన మోకాళ్లకు వారానికి రెండుసార్లు, ఆరు వారాలు వ్యాయామం. చేతి సాయం లేకుండా కుర్చీ నుంచి మెల్లగా లేచి, మెల్లగా కూర్చోవడం అందులో ఒకటి. కుర్చీ లేని ఇంట ఎత్తు అరుగు చాలు.

పొద్దంతా పొలంలో వంగే మనిషికి మళ్లీ వ్యాయామమా అని నవ్వేవారున్నారు. గొంతుక్కూర్చుంటే మోకాలు మడతపడి గంటల తరబడి నలుగుతుంది. లేచి కూర్చుంటే తొడ కండరం బలపడి కీలుకు ఆసరా అవుతుంది. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు, కదలికతోనే దానికి పోషణ.

చేసేటప్పుడు కొంత నొప్పి సహజమే. పదింట ఐదు పాళ్లు మించరాదు, మరునాటికి తగ్గాలి. రోజూ మింగే నొప్పి మాత్రలు కడుపుకు, మూత్రపిండాలకు చేటు చేయగలవని కూడా గుర్తుంచుకోవాలి. మోకాలు ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా వ్యాయామం మాని వైద్యునికి చూపించాలి.