మెట్ల లెక్క స్లాబ్ కంటే ముందే వేసుకోండి

ఇల్లు కట్టేటప్పుడు హాల్ ఎంత, కిచెన్ ఎటు అని నెలల తరబడి మాట్లాడుకుంటాం. మెట్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం "మేస్త్రీ చూసుకుంటాడులే" అనేస్తాం. మా ఇంట్లోనూ అదే జరిగింది. పైనున్న చివరి మెట్టు మిగతావాటి కంటే అంగుళంన్నర ఎత్తు వచ్చింది. కంటికి తెలీదు, కాలికి తెలుస్తుంది. మా అమ్మ అక్కడ రెండుసార్లు తట్టుకుంది. రెండోసారి మణికట్టు విరిగింది. అందుకే ఈ వీడియో.

మనం ప్రతి మెట్టునీ చూసి అడుగు వేయం కదా. మొదటి రెండు మూడు మెట్లకే కాలు ఆ ఎత్తుకి అలవాటు పడిపోతుంది, మిగతావి ఆ లెక్కలోనే ఎక్కేస్తాం. అందుకే అన్నీ కాస్త ఎత్తుగా ఉన్నా పర్లేదు గానీ, ఒక్కటి తేడాగా ఉంటే పడతాం.

మరి తేడా ఎలా వస్తుంది? మేస్త్రీ కాంక్రీట్ మెట్లన్నీ 7 అంగుళాలకే పోశాడు అనుకుందాం. తర్వాత కింద గదిలో, పై గదిలో ఇసుక, సిమెంట్, టైల్స్ కలిపి 3 అంగుళాలు లేస్తుంది. మెట్ల మీద గ్రానైట్, దాని కింద సిమెంట్ కలిపి అంగుళంన్నరే లేస్తుంది. ఇంకేముంది, కింది మొదటి మెట్టు ఐదున్నర అంగుళాలకి తగ్గింది, పై చివరి మెట్టు ఎనిమిదిన్నరకి పెరిగింది. మా ఇంటి కథ అచ్చం ఇదే. తప్పు మేస్త్రీది ఒక్కడిదే కాదు, ఫ్లోరింగ్ ఎంత మందం వస్తుందో మేమూ ముందు చెప్పలేదు.

కాబట్టి కొలత ఎప్పుడూ కింది టైల్ పైభాగం నుంచి పై అంతస్తు టైల్ పైభాగం వరకు తీసుకోవాలి. ఉదాహరణకి అది 10 అడుగుల 6 అంగుళాలు, అంటే 126 అంగుళాలు. 18 మెట్లు వేస్తే ఒక్కోటి సరిగ్గా 7 అంగుళాలు. 21 వేస్తే 6 అంగుళాలు. చాలామంది బేసి సంఖ్యే కావాలంటారు. తప్పేం లేదు, 19 పెట్టుకోండి, ఒక్కోటి సుమారు 6.6 అంగుళాలు వస్తుంది. కానీ ఆ మాట సెంట్రింగ్ కొట్టకముందే చెప్పాలి. పోసేశాక "బేసి రావాలి, ఒకటి కలుపు" అంటే ఆ కలిపిన మెట్టే మన కాలికి తగులుతుంది.

ఇప్పుడు పాదం పెట్టే వెడల్పు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ ఆర్కిటెక్ట్ ఫ్రాంస్వా బ్లాందెల్ ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ ఇంజినీర్లు అదే వాడతారు. మెట్టు ఎత్తుని రెండుతో గుణించి, వెడల్పు కలిపితే 24, 25 అంగుళాలు రావాలి. మనిషి ఒక అడుగు దూరం అన్నమాట. 7 అంగుళాల ఎత్తుకి 10 అంగుళాల వెడల్పు, 6.6కి 11 అంగుళాలు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్లకి ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు, వెడల్పు 250కి తగ్గకూడదు అంటుంది. అంటే ఇంచుమించు ఏడున్నర, పది అంగుళాలు. పెద్దవాళ్లు ఉంటే నేనైతే ఎత్తు ఏడు దాటనివ్వను.

ఇక్కడే చిక్కు. మెట్టు సుఖంగా ఉండాలంటే చోటు కావాలి. 19 మెట్లని మధ్యలో ల్యాండింగ్‌తో మడిస్తే పొడవు సుమారు 11 అడుగుల 3 అంగుళాలు, వెడల్పు ఆరున్నర అడుగులు పోతుంది. 100 గజాల ఇంట్లో అది చిన్న విషయం కాదు. చోటు మిగల్చడానికి ల్యాండింగ్ తీసేసి మూలలో త్రికోణం మెట్లు పెడతారు. వాటి లోపలి అంచు దగ్గర పాదం సగమే ఆనుతుంది. గుండ్రటి స్పైరల్ మెట్లు ఫోటోలో బాగుంటాయి, బీరువా ఎక్కించేటప్పుడు తెలుస్తుంది సంగతి. టెర్రస్‌కి ఓకే, బెడ్‌రూమ్‌కి వెళ్లే దారికి వద్దు.

రెయిలింగ్ మూడడుగులు ఉండాలి. నిలువు కడ్డీల మధ్య సందు నాలుగు అంగుళాలు దాటకూడదు, పిల్లల తల దూరుతుంది. ఇప్పుడు ఫ్యాషన్ అయిన అడ్డ స్టీల్ పైపులు పిల్లలకి నిచ్చెనే. అద్దంలా మెరిసే గ్రానైట్ కంటే లెదర్ ఫినిష్ మంచిది. పాలిష్ రాయే కావాలంటే అంచున రెండు మూడు గాళ్లు కొట్టించండి. ఇంటి బయట మెట్లయితే ఇది తప్పనిసరి, వానలో సబ్బు రాసినట్టే ఉంటాయి. లైటుకి కిందా పైనా రెండు చోట్లా స్విచ్ పెట్టించండి, టూ వే వైరింగ్ అంటే ఎలక్ట్రీషియన్‌కి అర్థమవుతుంది.

ఇల్లు ఇప్పటికే కట్టేసి ఉంటే? టేపు తీసుకుని ప్రతి మెట్టూ కొలవండి, ముఖ్యంగా మొదటిదీ చివరిదీ. పగలగొట్టి మళ్లీ కట్టడం అందరికీ కుదరదు. మేము ఆ చివరి మెట్టు అంచున పసుపు రంగు యాంటీ స్లిప్ టేప్ అంటించాం, పక్కనే చిన్న లైట్ పెట్టాం, గోడవైపు కూడా ఒక పైపు బిగించాం. మెట్టు ఎత్తు అలాగే ఉంది. అమ్మ మాత్రం ఈ ఎండాకాలం మళ్లీ డాబా మీదకి వెళ్లి వడియాలు పెట్టింది, పైపు పట్టుకుని.