ఆకుమందే కదా అనుకుంటే...

కొబ్బరి దింపుకెక్కి జారిపడినా, జాతీయ రహదారి మీద మోటారుసైకిల్ అదుపు తప్పినా ముమ్మిడివరం చుట్టుపక్కల ఇళ్లల్లో పరుగులే పరుగులు. అమలాపురమో, కాకినాడో తీసుకెళితే డాక్టర్లు రాడ్డు వేసి, కట్టుకట్టి ఇంటికి పంపుతారు. అసలు పరీక్ష ఆ తర్వాతే! రాత్రంతా సలుపు. బిళ్లలు వేసుకుంటే మగత, మలబద్ధకం. మానేస్తే నొప్పి. సరిగ్గా అప్పుడే ఎవరో ఓ మాట చెవిన వేస్తారు... ‘అమెరికాలో నొప్పులకు గంజాయినే మందుగా వాడుతున్నారట. ఆకుమందే కదా, ఏం కాదు’ అని.

నిజంగానే ఏమీ కాదా?

నమ్మకం వేరు... లెక్క వేరు

అమెరికాలోని మసాచుసెట్స్‌లో వైద్యం కోసం గంజాయి వాడకానికి 2012లోనే ఓటర్లు పచ్చజెండా ఊపారు. అక్కడి రెండు ట్రామా ఆస్పత్రుల్లో ఎముకల డాక్టర్లు, ప్రమాదాల్లో గాయపడిన 500 మందిని ఈ విషయమే అడిగారు. 2018లో ఫలితాలు వెలువడ్డాయి. గంజాయితో నొప్పి తగ్గుతుందని ఎక్కువమంది నమ్ముతున్నారు. కోలుకునే రోజుల్లో దాన్ని వాడామన్నవాళ్లు దాదాపు 14 శాతం. వాళ్లలో పదికి తొమ్మిదిమంది నొప్పి తగ్గిందన్నారు. పదికి ఎనిమిదిమందైతే, మార్ఫిన్ తరహా నొప్పి మందుల అవసరం కూడా తగ్గిందన్నారు.

డాక్టర్లు అక్కడితో ఊరుకోలేదు. వాళ్లకు రాసిన మందుల్ని లెక్కగట్టారు. తీరా చూస్తే... గంజాయి వాడినవాళ్లకే ఆ మందులు ఎక్కువ మోతాదులో, ఎక్కువ రోజులు అవసరమయ్యాయి! అది గంజాయి వల్లేనని చెప్పలేం. నొప్పి ఎక్కువున్నవాళ్లే దాన్ని ఆశ్రయించి ఉండొచ్చు. కానీ, రోగి నమ్మకం మీద ఆధారపడి ‘ఇది క్షేమం’ అనేయలేమని మాత్రం తేలింది.

ప్రమాదం ఎక్కడ?

గంజాయిలో ముఖ్యమైనవి రెండు. మత్తెక్కించేది, గుండె వేగాన్ని పెంచేది టీహెచ్‌సీ. మత్తు ఇవ్వనిది సీబీడీ. సీబీడీతో తయారైన ఎపిడియోలెక్స్ అనే మందును 2018లో అమెరికా ఆమోదించింది. అయితే అది అరుదైన మూర్ఛ జబ్బులకు... విరిగిన ఎముక నొప్పికి కాదు. నొప్పికి గంజాయి మందుల్ని సిఫారసు చేయడానికి తగిన ఆధారాల్లేవని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2021లో తేల్చిచెప్పింది.

గాయపడినవాళ్లకు మరో చిక్కూ ఉంది. తలకు దెబ్బ తగిలితే, మగతను బట్టే డాక్టర్లు ప్రమాదాన్ని పసిగడతారు. ఆ మగత దెబ్బ వల్లో, గంజాయి వల్లో తెలియకపోతే? రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వాడేవాళ్లలో సీబీడీ దాని ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయొచ్చు. అందుకే శస్త్రచికిత్సకు ముందు ప్రతి రోగినీ గంజాయి అలవాటు గురించి అడగాలని 2023లో అమెరికా మత్తువైద్య నిపుణుల సంఘం ఒకటి మార్గదర్శకాలు ఇచ్చింది.

మన చట్టం ఏమంటోంది?

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి దగ్గరుంచుకోవడం నేరం. కిలోలోపు దొరికినా ఏడాది దాకా కఠిన కారాగారం పడొచ్చు. పూత, కంకి లేని ఉత్త ఆకు మాత్రం ఈ చట్టంలోని నిర్వచనంలోకి రాదు. ఆయుర్వేదంలో ‘విజయ’ అనేది దీన్నే. అలాగని అది నిరపాయకరమని కాదు. ఔషధ నిబంధనలు దాన్ని విషపదార్థాల జాబితాలోనే చేర్చాయి. వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసా మీద ఉండితీరాలి. ఇక, ఏజెన్సీ నుంచి దొంగచాటుగా దిగే పొట్లం మీద ఏ హెచ్చరికా ఉండదు. అందులో టీహెచ్‌సీ ఎంతో, ఇంకేం కలిపారో అమ్మేవాడికే తెలియదు.

దాచొద్దు... ఓర్చుకోవద్దు

బిళ్లలు పనిచేయకపోతే ఆ మాట డాక్టరుకే చెప్పాలి. మందు మార్చడం, మోతాదు సవరించడం, ఫిజియోథెరపీ లాంటి దారులు ఆయన దగ్గరుంటాయి. గంజాయి అలవాటుంటే ఆపరేషన్‌కు ముందే భయపడకుండా చెప్పేయాలి. అన్నిటికన్నా ముఖ్యం... కట్టు కట్టాక నొప్పి తగ్గకపోగా అంతకంతకూ పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా లోపల వాపుతో కండరాలకు రక్తం అందడం లేదేమోనని అనుమానించాలి. ఆ నొప్పిని మత్తుతో అణిచేసి తెల్లారేదాకా ఆగితే, కాలే తీసేయాల్సి రావొచ్చు. ఏ రాత్రైనా సరే, వెంటనే ఆస్పత్రికి బయల్దేరాల్సిందే.