తీగలేని డ్రిల్లు యంత్రము: లోపలి బోర్డును చదువు విధము

కరెంటు తీగతో పనిలేక బ్యాటరీతో తిరుగు డ్రిల్లు యంత్రము నేడు వడ్రంగి యింటనే గాక రైతు కొట్టమునందును కానవచ్చుచున్నది. ఇట్టి యంత్రమును అమెరికాదేశమున బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీవారు 1961లో వెలువరించిరి. నాడు దానిలో నికెల్ కాడ్మియం బ్యాటరీ యుండెను. నేడు లిథియం అయాన్ బ్యాటరీలు వచ్చినవి. వానితోపాటు లోపలి బోర్డును చిక్కుపడినది. యంత్రము ఆగినంతనే “బోర్డు పోయినది” అని పాతసామానులలో వేయుట పరిపాటియైనది. పలుమారు చెడినది ఒక చిన్నభాగము మాత్రమే. ఆ భాగమేదో తెలియుటకు తయారుచేసినవారి పటము మనకు దొరకదు గావున, వస్తువును చూచియే పటము గీసికొనవలయును.

కాలువల పటము లేని ఊరిలో ఏ తూము నీరు ఏ పొలమునకు పారుచున్నదో తెలియవలెనన్న, పిల్లకాలువ గట్టువెంట నడచి పెద్దకాలువను చేరుదుము గదా. ఇదియు నట్టిదే. బ్యాటరీ నుండి మోటారునకు పోవు వెడల్పైన రాగిదారి పెద్దకాలువ. ఆ దారిలో కరెంటును విడుచుచు నాపుచు నుండు మాస్‌ఫెట్ అను భాగము తూము తలుపు. ఆ తలుపును నడపు చిన్న చిప్పు లస్కరు. ఈ లస్కరు సెకనునకు వేలమారులు తలుపు తెరచి మూయుచుండును. ట్రిగ్గరు మెల్లగా నొక్కిన తెరచియుండు కాలము తగ్గి మోటారు నెమ్మదించును. గట్టిగా నొక్కిన ఆ కాలము పెరిగి వేగము హెచ్చును. బ్రష్షులుగల మోటారునకు సాధారణముగా ఒక్క మాస్‌ఫెట్ చాలును. బ్రష్షులు లేనిదానికి మూడు లావుతీగలును, ఆరు మాస్‌ఫెట్లును ఉండును.

పని చేయవలసిన వరుస యిది:

(1) బ్యాటరీని ఊడదీసి, ట్రిగ్గరు నొకసారి నొక్కి విడువవలెను. మూత తీసిన పిదప తీగలు కదల్పక మునుపే వాని రంగులను, అవి తగిలియున్న చోటులను వ్రాసికొని, బోర్డు రెండు ప్రక్కల ఫోటోలు తీయవలెను.

(2) మల్టీమీటరును తీగ కలిసినచో మ్రోగు స్థానమున నుంచి, ముందు వెడల్పైన దారులను, తరువాత సన్నని దారులను వెంబడించి కాగితముపై గీయవలెను.

(3) చిప్పులపైని అంకెలను బట్టి వాని డేటాషీటు వెదకి చదివిన, ఏ కాలు ఏ పనికో తెలియును.

(4) మాస్‌ఫెట్ యొక్క డ్రెయిన్, సోర్స్ అను కాళ్లనడుమ మీటరును ఇటునటు మార్చి పెట్టినను ఓములు సున్నకు దగ్గరగా చూపిన, తలుపు తెరచినట్లే బిగిసినదని యెరుగునది. ఒక్క మాస్‌ఫెట్ గల యంత్రమున ట్రిగ్గరు కొంచెము తాకగానే పూర్తివేగము వచ్చుట దీని గురుతు.

(5) బ్యాటరీ కొనలను కొలువవలెను. 18 వోల్టుల బ్యాటరీ యనగా 3.6 వోల్టుల సెల్లులు 5 వరుసగా కూర్చినది. నిండినపుడు ఒక్కొక్కటి 4.2 వోల్టుల చొప్పున మొత్తము 21 వోల్టులు చూపును. పెద్ద కొనలు గాక చిన్న కొనలును కలవు. చాల బ్యాటరీలలో వానిలో నొకటి వేడిని తెలుపు థర్మిస్టరునకు చేరును. దాని సన్నతీగ తెగినచో, సెల్లులు బాగుగనే యున్నను ఛార్జరు పని ప్రారంభింపకపోవచ్చును.

చిప్పులోపలి ప్రోగ్రాము చాలవరకు తాళము వేయబడియుండును. దానిని చదువ వీలుపడదు. చదువనక్కరయు లేదు. లోనికి పోవుచున్నదేది, వెలుపలికి వచ్చుచున్నదేది యని కొలిచిన, మరమ్మతునకు చాలినంత తెలియును.

ఒక హెచ్చరిక గలదు. బ్యాటరీలోని రక్షణబోర్డును తప్పించి సెల్లులకు నేరుగా తీగలు కలుపరాదు. ఉబ్బిన సెల్లును, 2 వోల్టులకు దిగువ పడిపోయిన సెల్లును మరల ఛార్జి చేయరాదు. లిథియం సెల్లు అంటుకొన్నచో మంట ఆర్పుట కష్టము. గ్యారంటీ గడువులోనున్న యంత్రమును విప్పకుండుటయే మేలు. అభ్యాసము పనికిరాని పాతదానిపై చేయునది.

గీసిన పటమును, కొలిచిన అంకెలను ఒక పుస్తకమున నెక్కించి సంఘము ఆఫీసులో నుంచవలయును. అదే రకము యంత్రము మరియొక సభ్యుని యింట ఆగినపుడు గంటలపని నిమిషములలో తీరును. పనిముట్టును కలసి కొనుట యెట్లో, దాని మర్మమును కలసి తెలిసికొనుటయు నట్లే సహకారమగును.