బాల నేరస్థుల చట్టం: మొదట తేలాల్సింది వయసు

నేరం జరిగిన రోజుకు పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లను పెద్దలను విచారించే కోర్టులో నిలబెట్టరు. వాళ్ల విచారణ జువెనైల్ జస్టిస్ చట్టం - 2015 ప్రకారం సాగుతుంది. ఈ చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. 2024 జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా పిల్లల విషయంలో ఈ ప్రత్యేక చట్టానిదే పైచేయి. ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదన్న పాత నియమాన్ని కొత్త సంహిత కూడా అలాగే ఉంచింది. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలైతే, చేస్తున్న పని ఎలాంటిదో తెలిసే బుద్ధి వాళ్లకు ఉందా లేదా అన్నది చూస్తారు.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నప్పుడు ఇక్కడికి వర్తించింది 1951 నాటి హైదరాబాద్ బాలల చట్టం. ఆంధ్ర ప్రాంతంలో 1920 నాటి మద్రాసు చట్టం నడిచేది. దేశానికంతటికీ ఒకే చట్టం 1986లో వచ్చింది. అందులో అబ్బాయికి పదహారేళ్లు, అమ్మాయికి పద్దెనిమిదేళ్లు హద్దు. 2000 చట్టం ఇద్దరికీ పద్దెనిమిది చేసింది. ఒక మైనర్ కూడా నిందితుడైన 2012 డిసెంబరు నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత రేగిన ఆగ్రహంలోంచి పుట్టింది ఇప్పటి చట్టం.

ఇప్పుడు అంతా ఆ పద్దెనిమిది మీదే ఆధారపడి ఉంది. మరి పిల్లవాడి వయసు ఎవరు చెప్పాలి? చట్టం ఒక వరుస పెట్టింది. మొదట బడి ఇచ్చే పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి మెమో. అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఆ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష.

కాగితం మీద ఇది తేలికగానే కనిపిస్తుంది. కానీ పల్లెటూరి బడి అడ్మిషన్ రిజిస్టర్ తెరిస్తే వరుసగా జూన్ నెల పుట్టినరోజులే కనిపించడం కొత్తేమీ కాదు. అమ్మ ‘వానల్ల పుట్టిండు సారూ’ అంటుంది. సారు పిల్లవాడికి ఒకటో తరగతి వయసు సరిపోయేలా ఒక జూన్ తేదీ వేస్తాడు. ఉట్నూరు, జైనూరు వైపు గోండు, కోలాం గూడేల్లో ఇంటి దగ్గరే కాన్పు జరిగి, పంచాయతీలో పేరు ఎక్కని పిల్లలకైతే తేదీ ఉన్న మొదటి కాగితం చాలాసార్లు ఆశ్రమ పాఠశాల రిజిస్టరే. సారు ఆ రోజు చేతికొచ్చినట్టు రాసిన అంకె పదేళ్ల తర్వాత జైలుకూ జువెనైల్ హోంకూ మధ్య గీతవుతుంది. ఎముకల పరీక్ష చెప్పేదీ ఉజ్జాయింపే. జననాన్ని 21 రోజుల్లోగా ఉచితంగా నమోదు చేయించుకోవచ్చు. ఆ కాగితం ఆధార్‌కే కాదు, ఇలాంటి రోజుకూ పనికొస్తుంది. మైనర్‌నన్న వాదన కేసు ఏ దశలో ఉన్నా, తుది తీర్పు వచ్చాక కూడా వినిపించవచ్చు.

పిల్లవాణ్ని పట్టుకున్న పోలీసులకు కట్టుబాట్లు గట్టిగానే ఉన్నాయి. లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. ప్రతి స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరు ఉండాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. తల్లిదండ్రులకు కబురు పెట్టాలి. సెల్‌ఫోన్ దొంగతనం లాంటి చిన్న కేసుల్లో సాధారణంగా ఎఫ్‌ఐఆర్ ఉండదు. జనరల్ డైరీలో రాసి, పిల్లవాడి ఇల్లు, చదువు, సావాసాల వివరాలతో సామాజిక నేపథ్య నివేదికను బోర్డుకు పంపుతారు.

బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు మహిళ కావాలి. విచారణ నాలుగు నెలల్లో ముగియాలి. మరో రెండు నెలలు పొడిగించుకోవచ్చు. చిన్న నేరమైతే ఆ గడువు దాటాక కేసు రద్దవుతుంది. బెయిల్ ఇవ్వడమే పద్ధతి, నిరాకరిస్తే కారణం రాయాలి. బెయిల్ రాని పిల్లలను అబ్జర్వేషన్ హోంలో ఉంచుతారు. ఉత్తర తెలంగాణలో అలాంటి ప్రభుత్వ హోం నిజామాబాద్‌లో ఉంది. ఆదిలాబాద్ నుంచి కొడుకును చూడబోయే తల్లి సోన్ దగ్గర గోదావరి దాటి వెళ్లాలి. కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని ఎన్నిసార్లు వెళ్లగలదన్న లెక్క చట్టంలో లేదు.

నేరం రుజువైతే మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, జరిమానా, ప్రొబేషన్ లాంటివి బోర్డు చేతిలో ఉన్నాయి. గరిష్ఠంగా మూడేళ్లు స్పెషల్ హోంకు పంపవచ్చు.

పదహారు నిండినవాళ్లు హత్య, అత్యాచారం లాంటి ఘోర నేరాలు చేశారన్న ఆరోపణ ఉంటే దారి మారవచ్చు. కనీస శిక్ష ఏడేళ్లకు తగ్గని నేరాలను చట్టం ఘోరమైనవిగా లెక్కేస్తుంది. బోర్డు మూడు నెలల్లోగా పిల్లవాడి మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలు గ్రహించే శక్తిని అంచనా వేసి, పెద్దవాడిలా విచారించడానికి కేసును బాలల కోర్టుకు పంపవచ్చు. 2022లో జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసులో హైదరాబాద్ బోర్డు ఐదుగురు మైనర్లలో నలుగురి విషయంలో అలాగే నిర్ణయించింది. ఒక పిల్లవాడి మనసును కొద్ది వారాల్లో చదవడం నిపుణులకూ కష్టమే. చట్టంలో అన్నిటికన్నా బలహీనమైన అతుకు ఇదే. కేసు బాలల కోర్టుకు వెళ్లినా ఉరిశిక్ష గానీ, విడుదలకు ఆస్కారం లేని యావజ్జీవం గానీ వేయకూడదు. ఇరవై ఒకటి నిండేదాకా జైలుకు కాకుండా ‘భద్రమైన చోటు’కే పంపాలి.

ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యేది మాత్రం బండి కేసు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే, 2019 మోటారు వాహన సవరణ ప్రకారం తండ్రి గానీ బండి యజమాని గానీ దోషి. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

కేసులో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి, ఊరు ఏవీ బయటపెట్టకూడదు. వాట్సాప్ గ్రూపులో ఫొటో తిప్పినవాళ్లకు ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. బోర్డు దోషిగా తేల్చినా ఆ కారణంగా ఉద్యోగానికో చదువుకో అనర్హత రాదు. అప్పీలు గడువు ముగిశాక రికార్డులను ధ్వంసం చేయాలి. ఘోర నేరాల్లో, బాలల కోర్టు పెద్దవాడిగా విచారించి శిక్ష వేసినవాళ్లకు ఈ వెసులుబాటు వర్తించదు.