రాళ్లబాట పందెమునకు సైకిలు

ఫ్రాన్సు దేశపు ఉత్తరభాగమున, బెల్జియము సరిహద్దు చెంత, రూబే యను పట్టణము కలదు. నేతమిల్లులకు పేరొందిన ఆ పట్టణమున తియోడోర్ వియెన్, మోరిస్ పెరెజ్ అను ఇద్దఱు మిల్లు యజమానులు సైకిలు పందెములకై యొక ఆవరణమును కట్టించి, దానికి ప్రఖ్యాతి కలుగుటకై 1896వ సంవత్సరమున పారిస్ నగరమునుండి తమ యూరికి ఒక పందెమును ఏర్పఱచిరి. యుద్ధకాలములందు కొన్ని యేండ్లును, కోవిడ్ వ్యాధి ప్రబలిన 2020వ సంవత్సరమును తప్ప, ఈ పందెము ప్రతియేట జరుగుచునే యున్నది. 1977వ సంవత్సరమునుండి ఇది పారిస్‌కు ఉత్తరముననున్న కాంపియేన్ పట్టణమున ఆరంభమగుచున్నది. 2021వ సంవత్సరమునుండి స్త్రీలకును వేఱుగా పందెము కలదు.

పురుషుల పందెము దూరము సుమారు 260 కిలోమీటర్లు. అందు 55 కిలోమీటర్ల ప్రాంతము రాళ్లు పఱచిన బాట. పూర్వము బండ్లు పోవుటకై వేసిన యీ బాటలపై రాళ్లు చదునుగా నుండవు; ఒకటి పైకి లేచియు, ఒకటి క్రుంగియు, నడుమ సందులు తెఱచుకొనియు నుండును. ఎండినచో దుమ్ము, తడిసినచో బురద. వీనిలో మిక్కిలి కఠినమైన వానిలో నొకటి 1968వ సంవత్సరమున చేర్చబడిన ఆరెన్‌బెర్గ్ అడవిబాట. దీనిని సూచించినవాడు, ఆ ప్రాంతపు బొగ్గుగనిలో పూర్వము పనిచేసిన పందెగాడు జాన్ స్తబ్లిన్‌స్కీ. 1998వ సంవత్సరమున అచటనే యోహాన్ మ్యూసీవ్ అను బెల్జియము వీరుడు పడి, మోకాలిచిప్ప పగిలి, ఆ పుండు కుళ్లి, కాలే తీసివేయవలసివచ్చునేమో యను దశకు వచ్చెను. అతడు కోలుకొని 2000, 2002 సంవత్సరములందు అదే పందెమును గెలిచెను. కావున నిచట సైకిలును సిద్ధపఱచుట వేగమునకే గాక ప్రాణరక్షణకును సంబంధించిన పని.

టైరు ఎంత సన్నమై, ఎంత గట్టిగా గాలి నింపబడిన నంత వేగమని చాలకాలము జనులు తలచిరి. నున్నని నేలపై ఇందు కొంత నిజము లేకపోలేదు. టైరు నేలకానినచోట నణగి మరల లేచునపుడు కొంత శక్తి వృథాయగును. గట్టి టైరు తక్కువ యణగును. కాని రాళ్లబాటపై సంగతి వేఱు. గట్టి టైరు రాతికి తగిలినపుడు తానణగదు గనుక, సైకిలును, మనిషిని, ఇద్దఱి బరువు కలిసి సుమారు 80 కిలోలను, పైకెగురవేయును. ముందునకు పోవలసిన శక్తి మీదికిని క్రిందికిని ఊగుటయందు ఖర్చగును. మనిషి కండరములు ఆ యదురును మ్రింగి అలసిపోవును. మెత్తని టైరైనచో రాయి టైరులోనికి క్రుంగును; చక్రపు ఇరుసు దాదాపు అదే యెత్తున సాగిపోవును. అనగా రాతిని గెలుచునది గట్టితనము కాదు, ఒదిగి మరల నిలుచు గుణము.

ఈ సూత్రమునుబట్టియే పరికరములు మాఱినవి. పూర్వము సామాన్యపు పందెములందు 23 మిల్లీమీటర్ల వెడల్పుగల టైరులలో చదరపు అంగుళమునకు 100 పౌనులకు మించి గాలి నింపెడివారు. నేడు రూబే పందెమున 30, 32 మిల్లీమీటర్ల టైరులును, కొన్నియెడల నంతకు వెడల్పైనవియు కనబడును. గాలి యొత్తిడి దాదాపు సగమునకు దిగినది. ఐతే మెత్తదనమునకును హద్దు కలదు. గాలి మరీ తగ్గినచో రాయి టైరును దాటి రిమ్మునకే తగులును. నడుమ ట్యూబున్నచో నది నలిగి రెండుచోట్ల చిల్లుపడును. అందుచేత నేడు పెక్కుమంది ట్యూబులేని టైరులను వాడి, లోపల చిన్న చిల్లులను తనంతట పూడ్చు ద్రవమును పోయుదురు. 2023వ సంవత్సరమున కొందఱు, పరుగులోనే టైరు గాలిని హెచ్చించుటకును తగ్గించుటకును వీలగు సాధనమును సహితము చక్రములందు అమర్చుకొనిరి.

టైరునకు బదులు ఫోర్కునే ఒదుగునట్లు చేసిన నేమి? ఈ యత్నమును జరిగినది. జిల్బేర్ ద్యూక్లో లస్సాల్ అను ఫ్రెంచివాడు 1992, 1993 సంవత్సరములందు అట్టి ఫోర్కుతోనే గెలిచెను. కాని దాని బరువు హెచ్చు; మనిషి లేచి నిలిచి త్రొక్కునపుడు ఫోర్కు క్రుంగి యతని శ్రమలో కొంత భాగమును హరించును. కావున నది నిలువలేదు. వెడల్పైన టైరు ఆ పనిని తక్కువ బరువుతో చేయగలదు.

కాని వెడల్పైన టైరు పట్టుటకు చోటుండవలెను. రిమ్మును రెండువైపుల పట్టు పాత బ్రేకు ఆ చోటును ఇఱుకుచేసెడిది. ఇరుసుకడ పలుచని పళ్లెమును పట్టు డిస్కు బ్రేకు ఆ యడ్డును తొలగించెను. 2016వ సంవత్సరపు పందెమున డిస్కు తగిలి తన కాలు తెగినదని ఫ్రాన్సిస్కో వెంతోసో ఫిర్యాదు చేయగా ఆ బ్రేకుల పరీక్షను నిలిపిరి. అంచులను గుండ్రముచేయుట మొదలగు జాగ్రత్తలు తీసికొని, 2018వ సంవత్సరమున శాశ్వతముగా అనుమతించిరి.

ఒదుగవలసినవి ఒదుగవలెను, విఱుగరానివి విఱుగరాదు. 2006వ సంవత్సరమున ముందువరుసలో పోవుచుండిన జార్జి హింకాపీ యను అమెరికనుకు ఫోర్కు పైకాడ పుటుక్కున విఱిగెను. హ్యాండిలు చేతిలోనుండగనే అతడు నేలబడి, భుజము దెబ్బతిని, పందెమునుండి తొలగెను. అట్టి భాగము విఱుగుట ఎంత యపాయమో దీనివలన తెలియుచున్నది. ఇక హ్యాండిలుకు రెండుపొరల పట్టీ చుట్టుదురు. గొలుసు జాఱకుండ చిన్న కాపును బిగింతురు. ఐనను పట్టు బిగించినవాడే ముందు అలయును. చేతులను వదులుగా నుంచి, బలముగా త్రొక్కుచు పోవలెనని అనుభవజ్ఞుల మాట.

1896లో గెలిచిన జర్మను దేశీయుడు యోసెఫ్ ఫిషర్ గంటకు సుమారు 30 కిలోమీటర్ల చొప్పున పోయెను; 2024లో మాత్యూ వాన్‌డర్‌పూల్ 47 కిలోమీటర్లకు మించి పోయెను. ఇదియంతయు టైరుల మహిమ యనరాదు. శిక్షణయు, ఆహారమును, తక్కిన బాటలు బాగుపడుటయు ఇందు చేరినవి.

విద్యార్థులారా, ఈ సూత్రమును మీరే పరీక్షింపవచ్చును. బండ్లు రాని ఒక చిన్న వాలుపైనుండి, త్రొక్కక, సైకిలును కంకరనేలపైకి జాఱనిచ్చి, ఎచట నాగునో గుర్తుపెట్టుడు. టైరులలో కొంచెము గాలి తీసి మరల అదే చోటినుండి బయలుదేరుడు. పిమ్మట నున్నని నేలపైనను అట్లే చేసి, నాలుగు దూరములను వ్రాసికొనుడు. రిమ్ము నేలకు తగులునంతగా మాత్రము గాలి తీయకుడు. ఎంత గాలి యుండవలెనను ప్రశ్నకు పుస్తకమున ఒక్క యంకె దొరకదు. బాటనుబట్టి, బరువునుబట్టి, కొలిచి చూచినవానికే దొరకును.