అరెస్టయిన పుస్తకాలు

మా రెడ్డిగూడెం వైపు నుంచి కృష్ణ దాటితే గుంటూరు సీమ. ఆ సీమలో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో రాయవేలూరు జైల్లో కూర్చుని ‘మాలపల్లి’ నవల రాశారు. మంగళాపురం అనే పల్లె, అందులో రామదాసు కుటుంబం, కూలీల పక్షాన నిలబడ్డ సంగదాసు. అచ్చయ్యాక మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని మార్పులు చేయించి వదిలింది.

అసలు విశేషం ఆ తరవాతది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ నవలను పాఠ్యగ్రంథంగా పెట్టుకుంది. 1936లో మళ్లీ నిషేధం వచ్చింది, పాఠాల్లోంచి కూడా తీసేశారు. అంగట్లో ఉన్నన్నాళ్లూ ఓర్చుకున్న పుస్తకం తరగతి గదిలో కనబడేసరికి ప్రభుత్వానికి కంటగింపైంది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కోపమొస్తుంది. మాలపల్లి కథ విద్యార్థి చదవడమే వాళ్లకు తప్పుగా తోచిందన్నమాట. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక గానీ దానికి పూర్తిగా విడుదల దొరకలేదు.

*

మన పక్కనున్న మైలవరం ఒకప్పుడు జమీందారుగారి బాలభారతి నాటక సమాజంతో పేరు మోసింది. పౌరాణికాలకు అలవాటుపడ్డ అప్పటి కృష్ణా జిల్లా ఊళ్లలోనే 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ రైతులను వేదిక మీద నిలబెట్టింది. తెలంగాణ భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్‌తో కోర్టులో పోరాడి హత్యకు గురైన బందగీ కథ దానికి ప్రేరణ. ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. 1948లో మద్రాసు ప్రభుత్వం ఆపేసింది. అప్పటికి తెల్లదొరలు వెళ్లిపోయి ఏడాదే!

నాటకాలను ఆపడానికి 1876లో వాళ్లు తెచ్చిన చట్టమైతే 2018లో గానీ రద్దు కాలేదు.

*

పుస్తకాన్ని జప్తు చేసే అధికారం ఇప్పటికీ రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. నిన్నటిదాకా అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 95వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 98వది. కారణాలు చూపించే జప్తు చేయాలి. రెండు నెలల్లోపు హైకోర్టుకు వెళ్లొచ్చు, ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుని వింటారు. ఈ దారి ఉందని మన టీచర్లు పిల్లలకు చెబితే బాగుంటుంది.

*

పిల్లలే కోర్టు దారి పట్టిన కథ ఒకటుంది. అమెరికాలో న్యూయార్క్ దగ్గర ఒక బడి గ్రంథాలయంలోంచి రిచర్డ్ రైట్ ‘బ్లాక్ బాయ్’తో పాటు మరికొన్ని పుస్తకాలు తీసేస్తే, స్టీవెన్ పికో అనే విద్యార్థి, తోటి పిల్లలు కోర్టుకెక్కారు. 1982లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో పిల్లల వైపే నిలిచింది.

నేను చదువుకున్న బడిలో పుస్తకాలను ఎవరూ నిషేధించలేదు. ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు, అంతే. చిరిగిపోతే లెక్క చెప్పాలని భయం. అద్దంలోంచి అట్టల మీద పేర్లు చదువుకుంటూ నిలబడేవాళ్లం. ఆ పేర్లలో సగం నాకు ఇప్పటికీ గుర్తే, లోపల ఏముందో మాత్రం చాలా ఏళ్ల తరవాత గాని తెలియలేదు.

*

అన్నిటికంటే నా మనసుకు హత్తుకున్నది ‘రాధికా సాంత్వనము’ కథ. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని రాసిన కావ్యం. తాను పెంచిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెళ్లి చేసిన రాధ, ఆ తరవాత విరహంతో వేగిపోతే, కృష్ణుడు వచ్చి ఓదార్చడం అందులోని కథ. శృంగారం రాధ పక్షాన ఉంటుంది. కందుకూరి వీరేశలింగం గారికి ఇది నచ్చలేదు. కావ్యాన్నీ, దాన్ని రాసిన స్త్రీనీ కలిపి తిట్టారు. ఆడవాళ్ల చదువు కోసం అంత పాటుపడ్డ మనిషి ఆ మాటలు రాశారంటే నాకు బాధగా ఉంటుంది.

1887లో పైడిపాటి వెంకటనరసు అచ్చువేసిన ప్రతిలో పీఠిక లేదు, కొన్ని పద్యాలూ లేవు. ముద్దుపళని తన వంశాన్నీ, తన ఇంటి ఆడవాళ్లనూ చెప్పుకున్న భాగమే ఎగిరిపోయింది! గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుబట్టి రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి కావ్యాన్ని వెలువరించారు. సిగ్గు ఆడవాళ్లకేనా అని పీఠికలో నిలదీశారు. వీరేశలింగం గారు స్వయంగా పరిశీలించి అచ్చుకు ఒప్పుకున్న ‘వైజయంతీవిలాసము’లో ఉన్న శృంగారం మాటేమిటని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు రాలేదు, పోలీసులు వచ్చారు. 1911లో ప్రతులు పట్టుకుపోయారు. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉండగా నిషేధం తొలగింది. వావిళ్ల వారు 1952లో మళ్లీ అచ్చువేశారు. నాగరత్నమ్మ గారు కన్నుమూసింది ఆ ఏడాది మే నెలలోనే.