అలుగు, తాలియెరా తాటి

అలుగు అనగానే మన పిల్లలకు చెరువు మత్తడి గుర్తొస్తుంది. నేను చెప్పేది అడవిలోని అలుగు గురించి. ఒళ్లంతా పెంకులు, నోట్లో ఒక్క పన్నూ ఉండదు. జిగట నాలుకతో చీమలను, చెదలను తిని బతుకుతుంది. బెదిరితే బంతిలా చుట్టుకుంటుంది. ఆ బంతిని విప్పడం చిరుతకే కష్టం. మనిషి మాత్రం తేలిగ్గా గోనెసంచిలో వేసుకొని పోతాడు.

దీనితో పోల్చదగినది తాటి జాతికి చెందిన ఒక చెట్టు. పేరు తాలియెరా. బెంగాల్ చెట్టుగా దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసింది రాక్స్‌బర్గ్, ఒకప్పుడు మన సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త. ఈ చెట్టు దశాబ్దాల పాటు పెరిగి, జీవితంలో ఒక్కసారే పూసి, కాయలు రాలాక చనిపోతుంది. అడవిలో మిగిలిన చివరి చెట్టు బీర్భూమ్ జిల్లాలో శాంతినికేతన్ దగ్గర ఉండేది. నెత్తిన అంత పెద్ద పూగుత్తి చూసి ఊరివాళ్లు దయ్యపు తాడి అనుకున్నారు. 1979లో గింజ కట్టకముందే నరికేశారు.

అలుగును చంపేది కూడా ఇలాంటి భ్రమే. దాని పెంకులు మందుకు పనికొస్తాయని నమ్మకం. ఆ పెంకు మన గోటిలో ఉండే కెరాటినే. ఎవరూ గోళ్లు మింగి రోగం పోగొట్టుకోలేదు గదా! పైగా అలుగు ఒక కాన్పుకు సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది.

అయితే రెండింటికీ ఒక తేడా ఉంది. ఢాకా విశ్వవిద్యాలయం ఆవరణలోని తాలియెరా 2008లో పూసింది. ఆ గింజలతో మొక్కలు పెంచారు. అడవిలో పోయిన చెట్టు తోటలో దక్కింది. అలుగుకు ఆ వీలు తక్కువ. బోనులో పెడితే తిండి సరిపడక త్వరగా చస్తుంది. దానికి పుట్టలున్న అడవే దిక్కు.

దాతలకు ఒక మాట చెప్పాలి. అలుగుకు లక్షలు ఇస్తామంటూ ఆశపెట్టే దళారుల మాట నమ్మి చెడేది ఎక్కువగా పనిలేని కుర్రాళ్లే. 1972 వన్యప్రాణి చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జంతువు. నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల దాకా జైలు, పైన జరిమానా. దళారి తప్పించుకుంటాడు, సంచి మోసినవాడు దొరుకుతాడు. మీరు ఫీజులు కట్టి చదివిస్తున్న పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పించండి. అలుగు కనబడితే ముట్టుకోకుండా అటవీశాఖవారికి కబురు చేస్తే చాలు.